గ్రహణం రోజున టీవీ

మొన్న మా హేతువాద మిత్రుల సమావేశం అయ్యాక టీ తాగుతుండగా ఒకాయన నన్ను నిలదీశాడు. "మీరు ఎప్పుడు చూసినా టీవీని తిడుతుంటారు. మరి ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారు? తీసి పారెయ్యొచ్చుగా" అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. నిజమే, మా ఇంట్లో ఆ పెట్టె 1986 నుంచీ ఉంది. పెట్టె పోయి పలక వచ్చిందంతే. ఇన్నేళ్లలో అది మాకు చేసిన మేలెంత, కీడెంత?

నేను రక్షణ శాఖ పద్దుల విభాగంలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. చదివింది బీకాం. సైన్సు గురించి నాకు తెలిసినదంతా సొంతంగా చదువుకున్నదే. ఆడిట్‌లో మాకొక పద్ధతి ఉండేది. గోదాములో ఉన్న సరుకంతా లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు కాబట్టి, అక్కడక్కడ కొన్ని పెట్టెలు తెరిపించి చూసేవాళ్లం. వాటిని బట్టి మిగతా సరుకు సంగతి చాలావరకు తెలిసిపోతుంది. టీవీకి కూడా అదే చేద్దామనుకున్నాను. వేల రోజుల ప్రసారాల్లోంచి గ్రహణం రోజులు మాత్రమే తీసుకుని, ఆ రోజున టీవీ మనకి ఏం చూపించింది, మనచేత ఏం చేయించింది అని చూద్దాం. గ్రహణమే ఎందుకంటే, ఆ రోజున సైన్సుకీ మూఢనమ్మకానికీ మధ్య తటస్థంగా నిలబడడం కుదరదు. తలుపు తీయాలి, లేదా వేసుకోవాలి.

మొదటి పెట్టె 1980 ఫిబ్రవరి 16, శనివారం.

1898 జనవరి తర్వాత భారత ప్రధాన భూభాగం మీద కనిపించిన మొదటి సంపూర్ణ సూర్యగ్రహణం అది. అంటే ఎనభై రెండేళ్ల తర్వాత వచ్చింది. చంద్రుడి నీడ కర్ణాటక తీరం దగ్గర దేశంలోకి ప్రవేశించి రాయచూరు మీదుగా మన తెలుగు నేల దాటి ఒరిస్సాలో పూరీ వైపు వెళ్లింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్‌లో ఒక వేధశాల ఉంది. ఆ నీడ సరిగ్గా దాని మీదుగా పోతుందని తెలిసి శాస్త్రజ్ఞులు పరికరాలు మోసుకుని అక్కడికి చేరారు.

మేం అప్పుడు నల్గొండలో ఉండేవాళ్లం. నల్గొండ కూడా ఆ నీడ దారిలోనే ఉంది. నేను బీకాం పూర్తిచేసి ఉద్యోగ పరీక్షలు రాస్తున్న రోజులు. ఇరవై రెండేళ్ల వయసు, రెండు నాస్తిక పుస్తకాలు చదివిన పొగరు. ఇంతకీ ఏం చేశానో చెప్పనా? ఇంట్లోనే కూర్చున్నాను. అమ్మ మధ్యాహ్నమే వంటంతా ముగించి, ఆవకాయ జాడీ మీద, మంచినీళ్ల బిందె మీద దర్భలు వేసి, కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కింది. వీధిలో మనిషి జాడ లేదు. సాయంత్రం నాలుగు కాకముందే తలుపు కింది వెలుగు గీత సన్నబడి, మాయమై, కాసేపటికి మళ్లీ వచ్చింది. బయట పక్షులు గోల చేశాయి, ఎక్కడో కుక్క మొరిగింది. సుమారు రెండు నిమిషాలు. ఒక మనిషి జీవితంలో ఇంటి ముందు గుమ్మంలో నిలబడి సంపూర్ణ గ్రహణం చూసే అవకాశం రావడమే అరుదు. నాకు వచ్చింది. నేను మంచం మీద కూర్చుని ఆ గుడ్డలు కుక్కిన కిటికీని చూశాను.

మా ఇంట్లో అప్పటికి టీవీ లేదు. మా వీధిలోనే లేదు. టీవీ ఆ రోజు చేసిన పని సంగతి నాకు తర్వాత, ఉద్యోగంలో చేరాక, ఢిల్లీ నుంచి బదిలీ అయి వచ్చిన సహోద్యోగులు చెబితే తెలిసింది. జనం బయటికొచ్చి సూర్యుణ్ణి చూసి కళ్లు పోగొట్టుకుంటారన్న భయంతో, ఇళ్లల్లోనే ఉంచడానికి దూరదర్శన్ ఆ మధ్యాహ్నం హిందీ సినిమా వేసిందట. మామూలుగా శనివారం మధ్యాహ్నం సినిమా ఉండదు. వాళ్లు ఆ సంగతిని ఇష్టంగానే చెప్పుకునేవాళ్లు. "గ్రహణం పుణ్యమా అని సినిమా చూశాం" అని.

భయం పూర్తిగా అర్థం లేనిదని నేననను. పాక్షిక గ్రహణాన్ని ఉత్త కళ్లతో చూస్తే రెటీనా కాలుతుంది, ఆ క్షణాన నొప్పి కూడా తెలియదు. తగిన కళ్లద్దాలు అప్పట్లో జనానికి అందుబాటులో లేవు. కానీ ఒక అట్టముక్కకి గుండుసూదితో చిల్లుపెట్టి, వీపు సూర్యుడి వైపు పెట్టి, నీడలో పడే బింబాన్ని చూడమని చెప్పడానికి ఎంత ఖర్చు? అదే టీవీలో అరగంట చూపిస్తే సరిపోయేది. చూడడం నేర్పడం కంటే చూడకుండా ఉంచడం సులువనిపించింది. మా అమ్మ కిటికీలో గుడ్డలు కుక్కడానికీ, దూరదర్శన్ సినిమా వేయడానికీ ఫలితంలో తేడా ఏమీ లేదు.

ఇక్కడ ఒక విషయం గుర్తుచెయ్యాలి. ఈ దేశంలో టీవీ పెరిగింది సినిమాలు వేసి జనాన్ని ఇళ్లల్లో కూర్చోబెట్టడానికి కాదు. 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైనప్పుడు చెప్పుకున్న ఉద్దేశం విద్య, సమాజాభివృద్ధి. 1967లో రైతుల కోసం కృషిదర్శన్ వచ్చింది. అన్నింటికన్నా పెద్ద ప్రయత్నం 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, సరిగ్గా ఏడాది పాటు సాగిన సైట్ ప్రయోగం. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2400 వెనుకబడిన పల్లెలకు నేరుగా టీవీ ప్రసారాలు అందించారు. మన ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. కోళ్లగూటికి వాడే ఇనుప వల లాంటి దానితో పది అడుగుల గొడుగు చేసి పంచాయతీ ఆఫీసు మీదో, బడి మీదో పెట్టారు. తెలుగు, కన్నడ కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. ఉపగ్రహంలో ఒక బొమ్మకి రెండు శబ్దమార్గాలు ఉండేవి కాబట్టి, ఒకే బొమ్మ చూస్తూ ఇక్కడివాళ్లు తెలుగులో, అక్కడివాళ్లు కన్నడంలో వినవచ్చు. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దవాళ్లకి. వేలాదిమంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు సైన్సు ఎలా చెప్పాలో సెలవుల్లో టీవీ ద్వారానే శిక్షణ ఇచ్చారు. విక్రమ్ సారాభాయ్ కన్న కల అది. చూడకుండానే 1971 డిసెంబర్‌లో పోయాడు. అహ్మదాబాద్‌లో ఈ పనికి కేంద్రమైన అంతరిక్ష అనువర్తనాల కేంద్రానికి అప్పటి డైరెక్టరు యశ్ పాల్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అలాగని సైట్‌ని దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు. దేవుళ్లని చెయ్యడం మన పని కాదు కదా. ఆ ప్రయోగం మొదలైంది ఎమర్జెన్సీ ప్రకటించిన ఐదు వారాలకి. పల్లెవాళ్లకి సైన్సుతో పాటు సర్కారు గొప్పలు కూడా ఆ గొడుగులోంచే దిగాయి. ఏడాది తిరగ్గానే అమెరికా తన ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకుంది. ఇంకో సంగతి, పద్దులవాణ్ణి కాబట్టి నా కంటికి పడింది: సైట్ సగంలో ఉండగానే, 1976 జనవరి 1న, దూరదర్శన్‌లో మొట్టమొదటి వాణిజ్య ప్రకటన వచ్చింది. రైతుకి పాఠం ఒక చేత్తో, సరుకు అమ్మకం ఇంకో చేత్తో. అంతవరకు టీవీ ఖర్చు సర్కారుదీ, లైసెన్సు రుసుము కట్టేవాళ్లదీ. పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవడం పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 1980ల మధ్యలో ఆ లైసెన్సు ఎత్తేశారు. అందరం సంతోషించాం. మనం డబ్బు కట్టడం మానేశాక ఆ డబ్బు ఇంకెవరో కట్టాలి కదా అని ఎవరం ఆలోచించలేదు.

ఆ తర్వాత 1987 జనవరి నుంచి రామాయణం, 1988 అక్టోబర్ నుంచి మహాభారతం. ఆదివారం పొద్దున వీధులు ఎలా ఉండేవో చెప్పనవసరం లేదు. టీవీకి దండ వేసి అగరువత్తి వెలిగించిన ఇళ్లు నేను కళ్లారా చూశాను. నాకు మాత్రం ఆ ఖాళీ వీధి చూసినప్పుడల్లా నల్గొండలో ఆ శనివారం సాయంత్రమే గుర్తొచ్చేది.

ఉద్యోగంలో బదిలీల మీద బదిలీలై, 1995 నాటికి పుణేలో ఉన్నాను. టీవీ చరిత్రలో ఆ ఏడాదిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, ఆకాశంలోని తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు సొంత సొత్తు కాదు అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. ప్రజల ఆస్తి కాబట్టి దాన్ని ఎవరి లాభం కోసమో వదిలెయ్యకూడదని కూడా ఆ తీర్పులో ఉంది. ఆ భాగాన్ని అందరూ త్వరగా మర్చిపోయారు. జెమినీ, ఈటీవీ మొదలైంది ఆ ఏడాదే. కేబుల్ టీవీ చట్టం వచ్చింది ఆ ఏడాదే. సెప్టెంబర్ 21న దేశమంతా వినాయకుడి విగ్రహాలకి పాలు తాగించింది కూడా ఆ ఏడాదే! మా ఆఫీసులో సగం బల్లలు ఆ రోజు ఖాళీ. తలతన్యత వల్ల పాలు చెంచా అంచు దాటి, విగ్రహం ఒంటి మీదుగా సన్నని పొరలా జారుతున్నాయని, పాలల్లో రంగు కలిపి చూపించారు ఢిల్లీ సైన్సు ప్రచార మండలివాళ్లు. ఆ ధార ఎక్కడికి పోతోందో ఎర్రగా కనపడింది.

నెల దాటాక, అక్టోబర్ 24న, దీపావళి మర్నాడు, సంపూర్ణ సూర్యగ్రహణం. ఇది నేను తెరిచిన రెండో పెట్టె. పదిహేనేళ్ల కింద సినిమా వేసిన ఆ దూరదర్శనే ఈసారి గ్రహణాన్ని ప్రత్యక్ష ప్రసారం చేసింది. రాజస్థాన్‌లో నీమ్ కా థానా దగ్గర, ఇంకా తూర్పున బెంగాల్‌లో డైమండ్ హార్బర్ దగ్గర జనం మైదానాల్లో గుమికూడారు. భారత వైమానిక దళం గ్రహణాన్ని పైనుంచి చిత్రించడానికి మిగ్-25 విమానాన్ని పంపింది. మా లెక్కల్లోకి వచ్చే ఖర్చుల్లో ఇంత సంతోషంగా ఒప్పుకోదగ్గది ఇంకోటి ఉండదని ఆఫీసులో జోకులు వేసుకున్నాం. స్టూడియోలో కూర్చుని వివరిస్తున్నది ఎవరు? యశ్ పాల్. ఇరవై ఏళ్ల కింద పల్లెలకి గొడుగులు పెట్టించిన కేంద్రం పెద్ద. 1991 నుంచి వచ్చిన టర్నింగ్ పాయింట్ కార్యక్రమంలో ప్రేక్షకుల ప్రశ్నలకు జవాబులు చెప్పి అప్పటికే ఇంటింటికీ తెలిసిన మనిషి. ఆయన పాఠం చెబుతున్నట్లు మాట్లాడడు. పక్కింటి పెద్దాయన మనతో పాటు ఆశ్చర్యపోతున్నట్లుంటాడు.

అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. పొద్దున్నే స్నానం చేసి, మంచినీళ్లు కూడా ముట్టకుండా, పడమటి గదిలో జపమాలతో కూర్చుంది. హాల్లో మా టీవీ ముందు ఇరుగుపొరుగు మరాఠీ పిల్లలు పదిమంది. ఎనిమిదిన్నర దగ్గర పడేసరికి అమ్మ గది గుమ్మం దాకా వచ్చి నిలబడి, నన్ను సైగ చేసి పిలిచి, చిన్నగా అడిగింది.

"టీవీలో చూస్తే దోషం ఉంటుందంటావురా?"

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆ ప్రశ్నకి శాస్త్రాల్లో జవాబు లేదు, ఎందుకంటే శాస్త్రాలు రాసినవాళ్లకి టీవీ తెలియదు. "నాకు తెలిసి లేదమ్మా" అన్నాను. వచ్చి సోఫా చివర కూర్చుంది. సూర్యుడు సన్నని గోరంతై, ఒక చివర మెరిసి, వజ్రపుటుంగరం కనపడగానే పిల్లలు కేకలు పెట్టారు. తర్వాత నల్లటి వృత్తం, చుట్టూ వెండి పోగుల్లాంటి కరోనా. ఒక్క నిమిషం కూడా లేదు. మళ్లీ అటువైపు మెరుపు.

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "మన నల్గొండలో అప్పుడు వచ్చింది ఇదేనా?" అవునన్నాను. "మన ఇంటిమీదేనా?" అవునన్నాను. "మరి చెప్పలేదేంరా నాకు?" అంది.

నేను చెప్పి ఉంటే ఆమె 1980లో వినేదా? వినేది కాదు. అసలు చెప్పడానికి నాకే తెలియదు. కానీ టీవీ చెప్పింది, ఆమె వింది. ఆరోజు స్నానం మాత్రం మానలేదు, గ్రహణం విడిచాక తలంటుకుంది. అయినా అప్పటినుంచి పోయేదాకా ఎవరైనా గ్రహణమంటే భయపడితే "నేను చూశాను, చాలా బాగుంటుంది" అనేది. ఒక తెలుగు ఇంట్లో డెబ్బై ఏళ్ల మనిషి మనసు ఒక్క నిమిషంలో అంత కదిలించిన సాధనం నాకు ఇంకోటి తెలియదు. మా కరపత్రాలన్నీ కలిపి అంత పని చెయ్యలేదు. టీవీని ఎందుకు పారెయ్యవని అడిగిన మిత్రుడికి నా సగం జవాబు ఇది.

మిగతా సగం 2010 జనవరి 15.

అప్పటికి నాకు సికింద్రాబాద్‌కు బదిలీ అయింది. ఆ రోజు కనుమ. పైగా అమావాస్య, కంకణాకార సూర్యగ్రహణం. కన్యాకుమారి, రామేశ్వరం ప్రాంతాల్లో పూర్తి కంకణం, మనకి పాక్షికం. ఈ శతాబ్దంలోకెల్లా ఎక్కువసేపు ఉండే కంకణ గ్రహణం అదే. మనవైపు పొద్దున పదకొండు దాటాక పట్టి మధ్యాహ్నం మూడు దాటాక విడిచింది. మా అమ్మాయి పండక్కి వచ్చింది. ఏడో నెల.

మూడు రోజుల ముందునుంచే ఒక ఛానల్‌లో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి జ్యోతిష్కులు కూర్చున్నారు. ఏ రాశివారు చూడకూడదు, ఏ నక్షత్రం వారు ఏం దానం ఇవ్వాలి, గర్భిణులు కత్తి పట్టరాదు, గోకరాదు, పక్కకి తిరగరాదు, నీళ్లు తాగరాదు. కింద ఎర్రటి పట్టీలో అక్షరాలు పరుగెడుతుంటాయి. వెనక ఉరుముల శబ్దం. మధ్యమధ్య శాంతి చేయించుకోదలచినవారికి ఫోన్ నంబరు. నేను టీవీ కట్టేశాను. కట్టేస్తే ఏం లాభం? ఆ టీవీ వియ్యపురాలుగారింట్లో కూడా ఉంది. పదిన్నరకి ఫోన్ వచ్చింది.

"అన్నయ్యగారూ, మీ సిద్ధాంతాలు మీకుండనివ్వండి. పిల్ల విషయంలో మాత్రం వద్దు. టీవీలో అంత పెద్దవాళ్లు చెబుతున్నారు."

నేను నాకు తెలిసిందంతా చెప్పాను. మన భాషలో పై పెదవి చీలి పుట్టడానికి గ్రహణమొర్రి అనే పేరుండడమే మన దౌర్భాగ్యం. పేరులోనే తప్పు నిర్ధారణ ఉంది. బిడ్డ పెదవి ఏర్పడేది గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల, అంగిలి తొమ్మిదో వారానికల్లా అయిపోతుంది. చాలామంది తల్లులకి అప్పటికి గర్భమని ఖాయంగా కూడా తెలియదు. ఏడో నెలలో పెదవి చీలడమనేది జరగదు, ఆకాశంలో ఏం జరిగినా సరే. ప్రపంచమంతటా సుమారు ఏడు వందల మందిలో ఒక బిడ్డ ఇలా పుడుతుంది, గ్రహణం పట్టిన దేశంలోనూ పట్టని దేశంలోనూ. వంశపారంపర్య కారణాలు, తల్లికి మధుమేహం, పొగతాగడం, కొన్ని మూర్ఛ మందులు వంటివి వైద్యులు గుర్తించిన కారణాలు. ఆపరేషన్‌తో చక్కగా సరిచెయ్యవచ్చు. ఇవన్నీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "అమ్మాయికి ఫోనివ్వండి" అంది.

ఫోను పెట్టేసి మా అమ్మాయి నా వైపు చూసింది. "నాకు నమ్మకం లేదు నాన్నా. కానీ రేపు బిడ్డకి ఏ చిన్న జలుబు చేసినా ఆ మాట నామీదే పడుతుంది. నీమీద పడదు" అంది. నా దగ్గర జవాబు లేదు. గదిలోకి వెళ్లి వెల్లకిలా పడుకుంది. నాలుగు గంటలు. రెండుసార్లు నీళ్లు తీసుకెళ్లాను, తల అడ్డంగా ఊపింది. మూడున్నరకి లేచేసరికి తూలింది, వాళ్లమ్మ పట్టుకుంది. తర్వాతి వారం పరీక్షకి వెళ్తే డాక్టరమ్మ నన్నే తిట్టింది, "చదువుకున్నవాళ్లు మీరు, నెలలు నిండుతున్న పిల్లని నీళ్లు లేకుండా ఎలా ఉంచారు" అని. ఇరవై ఏళ్లుగా పత్రికలకు మూఢనమ్మకాల మీద ఉత్తరాలు రాస్తున్న మనిషి ఆ తిట్లు తలొంచుకుని విన్నాడు.

ఇప్పుడు పద్దు తిరగేద్దాం. 1995లో నా తల్లిని గదిలోంచి బయటికి రప్పించిన పెట్టె, 2010లో నా కూతుర్ని గదిలోకి ఎందుకు పంపింది? టీవీ యజమానులు అకస్మాత్తుగా భక్తులైపోయారని నేననుకోను. ఒక జ్యోతిష్కుడు, ఒక యాంకరు, రెండు కుర్చీలు, వెనక గ్రహాల బొమ్మ. ఇంతకన్నా చవకైన కార్యక్రమం లేదు. దానికి చూసేవాళ్లు దొరుకుతారు, ప్రకటనలు దొరుకుతాయి. కొన్నిచోట్ల అయితే ఆ అరగంటని యంత్రాలూ తాయెత్తులూ అమ్ముకునేవాడే డబ్బిచ్చి కొనుక్కుంటాడు. అంటే అక్కడ ఛానల్‌కి అది ఖర్చు కాదు, రాబడి. భయం ఎంత ఎక్కువైతే అంత రాబడి. లైసెన్సు రుసుము పోయిన రోజున మనం తప్పించుకున్నామనుకున్న ఖర్చు ఇలా వేరే పద్దు కింద తిరిగొచ్చింది. మా అమ్మాయి నాలుగు గంటల దాహం ఆ ఖర్చులో ఒక భాగం. దానికి రసీదు ఉండదు.

జ్యోతిష్కుడి లెక్క తప్పని కూడా కాదు, అదే విచిత్రం. పంచాంగంలో గ్రహణ సమయం నిమిషాలతో సహా సరిగ్గా ఉంటుంది. గ్రహణం నీడల వల్లేనని ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే రాశాడు. కూడికలన్నీ సరిగ్గా కూడి, మొత్తాన్ని తప్పు ఖాతాలో రాసే గుమాస్తాలు మా ఆఫీసులోనూ ఉండేవాళ్లు. పోనీ ఆచారమైనా ఒకే రకంగా ఉందా? గ్రహణమని గుళ్లన్నీ మూసేస్తే, శ్రీకాళహస్తి మాత్రం తెరిచే ఉంటుంది. టీవీవాళ్లు దాన్ని కూడా చూపిస్తారు, వెంటనే ముందు చెప్పిందే చెబుతారు.

చట్టం లేదా అంటే, ఉంది. 1994 నాటి కేబుల్ టీవీ నియమాల్లో ఆరో నియమం మూఢనమ్మకాన్ని, గుడ్డి విశ్వాసాన్ని ప్రోత్సహించే కార్యక్రమం వెయ్యకూడదని స్పష్టంగా చెబుతుంది. ఏడో నియమం, సరుకుకి నిరూపించలేని అద్భుత శక్తులున్నాయని ప్రకటనల్లో సూచించకూడదంటుంది. ఔషధాల విషయంలో 1954 నాటి చట్టం ఉండనే ఉంది. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, దేవుళ్ల పేర్లతో యంత్రాలకి మహిమలున్నాయని టీవీలో ప్రకటనలిచ్చి అమ్మడం మహారాష్ట్ర చేతబడి వ్యతిరేక చట్టం ప్రకారం నేరమని తీర్పు చెప్పింది. మొదలుపెట్టింది ఎవరో పెద్ద సంస్థ కాదు, ఆ ప్రకటనలు చూసి విసిగిన ఒక పౌరుడు కోర్టుకెక్కాడు. నేను చేసిందల్లా 2010లో ఒక ఫిర్యాదు రాయడం. జవాబు రాలేదు. రెండోసారి రాయలేదు. ఇది కూడా లెక్కలో చూపించాలి కదా.

టీవీ వ్యాపారం ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుందని కూడా చెప్పలేను. 2008 మార్చి 3న ఇండియా టీవీలో ఒక తాంత్రికుడు మంత్రంతో మూడు నిమిషాల్లో మనిషిని చంపగలనన్నాడు. పక్కనే కూర్చున్న హేతువాది సనల్ ఇడమరుకు, అయితే నన్ను చంపు అన్నాడు. మంత్రాలు చదివాడు, నీళ్లు చల్లాడు, నుదురు నొక్కాడు, గంటలు గడిచాయి. మిగతా కార్యక్రమాలు ఆపి దాన్నే ప్రత్యక్షంగా చూపించారు. రాత్రి మళ్లీ బయట హోమం పెట్టి ప్రయత్నించాడు. ఇడమరుకు నవ్వుతూనే ఉన్నాడు. ఛానల్ దాన్ని వేసింది సైన్సు మీద ప్రేమతో కాదు, జనం కళ్లు తిప్పుకోలేదు కాబట్టి. అయితేనేం! గ్రహణం వేళ బహిరంగంగా టిఫిన్లు పెట్టి, గర్భిణులని కూడా పిలిచి కళ్లద్దాలిచ్చి చూపించే జనవిజ్ఞాన వేదిక వంటివాళ్ల కార్యక్రమాలకి కూడా అప్పుడప్పుడు కెమెరాలు వస్తాయి. జ్యోతిష్కుడికి మూడు రోజులు, వాళ్లకి రెండు నిమిషాలు, అంతే.

నేను రిటైరయ్యాక చూసిన గ్రహణం 2019 డిసెంబర్ 26. అది కూడా కంకణాకారమే. ఆ పొద్దున కొన్ని ఛానళ్లలో కొత్త వింత. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టారు, అది నిలబడింది! గ్రహణం పట్టి ఉన్నంతసేపే నిలబడుతుందట, విడవగానే పడిపోతుందట. ఊళ్ల పేర్లు చదువుతూ ఒక్కో వీధిలో నిలబడ్డ రోకళ్లని చూపించారు. చుట్టూ పసుపు, కుంకుమ.

ఏడో నెలలో నీళ్లు లేకుండా పడుకున్న మా అమ్మాయి కొడుక్కి అప్పటికి తొమ్మిదేళ్లు. పెదవి, అంగిలి, నోరు అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి, ముఖ్యంగా నోరు. క్రిస్మస్ సెలవులకి మా దగ్గరున్నాడు. టీవీ చూసి "తాతయ్యా, రేపు కూడా నిలబడుతుందా?" అన్నాడు. నాకు తట్టని ప్రశ్న కాదు, కానీ వాడు నాకంటే ముందు అడిగాడు.

మర్నాడు, అంటే ఏ గ్రహణమూ లేని శుక్రవారం నాడు, కారం దంచే రోకలి తెచ్చాం. దాని పొన్ను అడుగున చదునుగా ఉంటుంది. మొదటిసారి పడింది, రెండోసారి పడింది. నాలుగోసారి చెయ్యి నెమ్మదిగా వదిలితే నిలబడింది. నీళ్లు లేకుండా, పళ్లెం లేకుండా, వంటింటి గచ్చు మీద. వాడు దాని పక్కన ఆరోజు న్యూస్ పేపరు, తేదీ కనపడేలా పెట్టి, వాళ్లమ్మ సెల్‌తో వీడియో తీసి వాళ్ల నాయనమ్మకి పంపించాడు. టీవీలో చూపించినట్లే యాంకరు గొంతుతో వ్యాఖ్యానం కూడా చెప్పాడు.

వియ్యపురాలుగారి దగ్గర్నుంచి సాయంత్రానికి ఫోన్ వచ్చింది. రోకలి సంగతి ఎత్తలేదు. పిల్లాడు సన్నబడ్డాడేమిటి, సరిగ్గా తింటున్నాడా అని అడిగి పెట్టేసింది. రోకలి అలాగే నిలబడి ఉంది. రాత్రి వంట వేళకి మా ఆవిడ కాలికి అడ్డమొస్తోందని తీసి మూలకి పెట్టింది.